సెన్సస్ వార్డు హద్దుల్ని మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించడం ఎలా: బెంగళూరు వార్డులతో

ఒక ఫోల్డర్‌లో వార్డుల హద్దుల ఫైల్ ఉంటుంది, ఇంకో ఫోల్డర్‌లో సెన్సస్ ఎక్సెల్ ఉంటుంది, ఈ రెండూ కలిపి ఏ వార్డులో ఎంతమంది ఉన్నారో రంగులేసి చూపించే మ్యాప్ కావాలి. మారతహళ్లి, బీటీఎం వైపు ఉంటూ డేటా పని నేర్చుకుంటున్న మన తెలుగు పిల్లలు తరచుగా అడిగే పని ఇదే. చాలామంది ఇదేదో ఫార్మాట్ మార్చే సమస్య అనుకుని కన్వర్టర్ల కోసం వెతుకుతుంటారు. ఫార్మాట్ మార్చడం రెండు క్లిక్కుల పని, దానికి ఎవరి హెల్పూ అక్కర్లేదు. మనల్ని తిప్పలు పెట్టేది ఏ తేదీ నాటి గీతకి ఏ తేదీ నాటి లెక్క అతికిస్తున్నాం, ఏ నంబర్‌తో అతికిస్తున్నాం అన్నది. ఇక్కడ తప్పు జరిగితే సాఫ్ట్‌వేర్ ఒక్క ఎర్రర్ కూడా చూపించదు, మ్యాప్ చూడ్డానికి చక్కగా ఉంటుంది, లోపలంతా తప్పు ఉంటుంది.

కింద చెప్పేదంతా క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌తో, అది ఫ్రీ, విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ నడుస్తుంది. దీంతోపాటు బ్రౌజర్‌లో తెరుచుకునే మ్యాప్‌షేపర్ అనే సైట్ ఒకటి కావాలి. కోడ్ రాయక్కర్లేదు.

ముందు తేదీ తేల్చుకోండి

మన దగ్గర ఇప్పటికీ వార్డు స్థాయిలో దొరికే చివరి పూర్తి జనాభా లెక్క 2011ది. 2021లో జరగాల్సింది జరగలేదు, తర్వాతి సెన్సస్‌కి రిఫరెన్స్ తేదీ 1 మార్చి 2027గా నోటిఫై చేశారు. కాబట్టి ప్రస్తుతానికి 2011 మీదే ఆధారపడాలి. సెన్సస్ వాళ్లు లెక్క మొదలుపెట్టే ముందు జిల్లాలు, తాలూకాలు, వార్డుల హద్దుల్ని ఒక తేదీకి ఫ్రీజ్ చేస్తారు, 2011 సెన్సస్‌కి ఆ తేదీ 31 డిసెంబర్ 2009. ఆ తర్వాత ప్రభుత్వం హద్దులు ఎన్నిసార్లు మార్చినా 2011 అంకెలు మాత్రం ఆ రోజు నాటి గీతల లోపలివే.

బెంగళూరు సంగతి తీసుకుంటే 2011 సెన్సస్‌లో బీబీఎంపీకి, అంటే బెంగళూరు నగర కార్పొరేషన్‌కి, 198 వార్డులు. 2010లో కార్పొరేషన్ ఎన్నికలు జరిగింది కూడా ఆ 198కే. తర్వాత 2022లో 243 అన్నారు, 2023లో 225 అన్నారు, 2025లో అసలు బీబీఎంపీనే తీసేసి గ్రేటర్ బెంగళూరు అథారిటీ కింద ఐదు కార్పొరేషన్లు చేశారు. ఇన్ని రకాల వార్డు ఫైళ్లూ ఇప్పుడు నెట్‌లో తిరుగుతున్నాయి, చాలా వాటి పేరు ఒకటే, బెంగళూరు వార్డ్స్. ఫైల్ తెరిచి ఎన్ని వరసలున్నాయో చూడ్డమే మొదటి పని. 198 ఉంటే 2011తో కలుస్తుంది. 225, 243 ఉంటే దాన్ని పక్కన పెట్టండి, దాని సంగతి చివర్లో చూద్దాం.

చెన్నైలో ఉన్నవాళ్లకి ఇది ఇంకా పెద్ద గొయ్యి. 2011 సెన్సస్ లెక్కపెట్టింది పాత చెన్నై కార్పొరేషన్ని, 155 వార్డులు, దాదాపు 174 చదరపు కిలోమీటర్లు. అదే ఏడాది కార్పొరేషన్ని పెంచి 200 వార్డులు, 426 చదరపు కిలోమీటర్లు చేశారు. నెట్‌లో తేలిగ్గా దొరికే ఫైల్ 200 వార్డులది. సెన్సస్ ఎక్సెల్‌లో 1 నుంచి 155 దాకా నంబర్లున్నాయి, ఫైల్‌లో 1 నుంచి 200 దాకా ఉన్నాయి, నంబర్‌తో జాయిన్ చేస్తే, అంటే ఒకే నంబర్ ఉన్న వరసల్ని జత చేస్తే, 155 వార్డులకి టకటకా అంకెలు వచ్చేస్తాయి, మిగతా 45 ఖాళీగా ఉంటే "డేటా లేదేమోలే" అనుకుంటాం. కానీ పెంచినప్పుడు నంబర్లన్నీ మళ్లీ వేశారు. కొత్త 1వ వార్డు ఉత్తరాన తిరువొత్తియూరు జోన్‌లో ఉంది, సెన్సస్ జరిగేనాటికి తిరువొత్తియూరు వేరే మున్సిపాలిటీ. అంటే మ్యాప్‌లో ఒక్క అంకె కూడా దాని చోట ఉండదు.

ఇక ఊరి పని చేసేవాళ్లకి ఒక మాట. 2011 సెన్సస్‌లో ఆంధ్రప్రదేశ్ కోడ్ 28, అందులో 23 జిల్లాలు, 532 ఆదిలాబాద్ నుంచి 554 చిత్తూరు దాకా, హైదరాబాద్ 536. తెలంగాణకి ఆ సెన్సస్‌లో విడిగా కోడే లేదు. ఇప్పటి 33 జిల్లాల తెలంగాణ ఫైల్ తెచ్చి దీనికి జాయిన్ చేద్దామంటే కుదిరే పని కాదు, మండలం స్థాయికో ఊరి స్థాయికో దిగి మళ్లీ కలుపుకుంటూ పైకి రావాలి. పోలవరం ముంపు మండలాలు ఖమ్మం నుంచి ఆంధ్రాకి వచ్చిన సంగతి కూడా గుర్తుంచుకోండి.

ఫైళ్లు ఎక్కడ

అంకెలు సెన్సస్ వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. ప్రైమరీ సెన్సస్ అబ్‌స్ట్రాక్ట్ అని వెతకండి, అందరూ పీసీఏ అంటారు. కర్ణాటక కోడ్ 29, బెంగళూరు జిల్లా కోడ్ 572. తమిళనాడు 33, చెన్నై 603. వార్డు స్థాయి పీసీఏ ఎక్సెల్ దించుకోండి.

హద్దులే కష్టం. సెన్సస్ వాళ్ల ప్రచురణల్లో వార్డు మ్యాపులు ఎక్కువగా పీడీఎఫ్ బొమ్మలుగా ఉంటాయి, వాటి మీద ట్రేసింగ్ మొదలుపెట్టకండి, ఆ పని ఇప్పటికే చేసి పెట్టినవాళ్లున్నారు. బెంగళూరులో పుట్టిన డేటామీట్ అనే వాలంటీర్ల గుంపు చాలా నగరాల వార్డు ఫైళ్లు గిట్‌హబ్‌లో పెట్టింది, ఓపెన్‌సిటీ వాళ్ల డేటా పోర్టల్‌లో బెంగళూరు వార్డుల రకరకాల వెర్షన్లు కేఎంఎల్‌గా (గూగుల్ ఎర్త్ వాడే ఫార్మాట్) ఉంటాయి. తాలూకా, హోబళి (తాలూకా కింద ఉండే విభాగం), ఊరి స్థాయి కావాలంటే కర్ణాటక ప్రభుత్వ కేజీఐఎస్ పోర్టల్ చూడండి. జిల్లా, రాష్ట్రం స్థాయికి సర్వే ఆఫ్ ఇండియా ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, అందులో మాత్రం ఒక వింత: పేర్లలో దీర్ఘాల బదులు గుర్తులుంటాయి, "ఆ" దీర్ఘానికి గ్రేటర్ దేన్ గుర్తు, "ఈ" దీర్ఘానికి నిలువు గీత, అలాగ. ఫైల్ పాడైందని కంగారుపడి మళ్లీ మళ్లీ దించుకోకండి, క్యూజీఐఎస్‌లో కాలమ్ విలువల్ని మార్చే ఫీల్డ్ క్యాలిక్యులేటర్ ఉంటుంది, అందులో రీప్లేస్ ఫంక్షన్‌తో మార్చేసుకోండి.

షేప్‌ఫైల్ అనే పాత మ్యాప్ ఫార్మాట్‌లో దొరికితే అది ఒక్క ఫైల్ కాదు, గుంపు. డాట్ ఎస్‌హెచ్‌పి, డాట్ ఎస్‌హెచ్‌ఎక్స్, డాట్ డీబీఎఫ్ ఈ మూడూ తప్పనిసరి, లోపలి అంకెలు ఏ పద్ధతిలో ఉన్నాయో చెప్పే డాట్ పీఆర్‌జే ఉంటే అదృష్టం, అక్షరాల ఎన్‌కోడింగ్ చెప్పే డాట్ సీపీజీ ఉంటే ఇంకా మంచిది. వాట్సాప్‌లో డాట్ ఎస్‌హెచ్‌పి ఒక్కటే పంపించి "ఓపెన్ అవ్వట్లేదు బ్రో" అనేవాళ్లు ప్రతి గ్రూపులోనూ ఉంటారు. జిప్ చేసి మొత్తం పంపించమనండి.

తెరిచి, అది భూమ్మీద ఎక్కడుందో చూడండి

క్యూజీఐఎస్‌లో ముందు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ బేస్‌మ్యాప్ వేసుకోండి, ఎడమ పక్క బ్రౌజర్ ప్యానెల్‌లో ఎక్స్‌వైజెడ్ టైల్స్ కింద ఉంటుంది. దాని మీదకి వార్డు ఫైల్ లాగి వదలండి. వార్డులు బెంగళూరు మీద కూర్చుని, హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్ గీత ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సరిగ్గా ఉంటే ఈ భాగం వదిలేసి కిందకి వెళ్లిపోవచ్చు.

కూర్చోకపోతే లేయర్ ప్రాపర్టీస్‌లో ఇన్ఫర్మేషన్ ట్యాబ్ తెరిచి ఎక్స్‌టెంట్ దగ్గర ఉన్న అంకెలు చదవండి, కారణం అక్కడే తెలిసిపోతుంది. 77.5, 12.9 లాంటివి కనిపిస్తే డిగ్రీలు, అంటే జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 పద్ధతి, ఈపీఎస్‌జీ అనే కోడ్ల జాబితాలో దాని నంబర్ 4326. ఏడు లక్షల ఎనభై వేలు, పద్నాలుగు లక్షల ముప్పై వేల చుట్టూ ఉంటే అవి యూటీఎం (భూమిని జోన్లుగా విడగొట్టి మీటర్లలో కొలిచే పద్ధతి) 43 నార్త్ మీటర్లు, ఈపీఎస్‌జీ 32643. మొదటి అంకె ఎనభై ఆరు లక్షలు దాటి రెండోది పద్నాలుగున్నర లక్షల దగ్గర ఉంటే అది వెబ్ మెర్కేటర్, 3857, ఎవరో ఏదో వెబ్‌సైట్ మ్యాప్ నుంచి గుంజుకొచ్చిన ఫైల్ అన్నమాట. ఈ మూడు జతలూ ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి, బెంగళూరు ఫైళ్లలో దాదాపు ఎప్పుడూ ఈ మూడింట్లో ఒకటే తగులుతుంది.

వార్డులన్నీ ఉత్తర ధ్రువం దగ్గర, నార్వే పైన స్వాల్‌బార్డ్ పక్కన సముద్రంలో తేలితే అక్షాంశం రేఖాంశం తారుమారైనట్టు. 12.97 ఉత్తరం, 77.59 తూర్పు కావాల్సింది 77.59 ఉత్తరం, 12.97 తూర్పు అయింది. ప్రాసెసింగ్ టూల్‌బాక్స్‌లో స్వాప్ ఎక్స్ అండ్ వై కోఆర్డినేట్స్ అని టూల్ ఉంది, ఒక్క రన్‌తో ఊరికి తిరిగొచ్చేస్తారు.

ఇప్పుడు ఇందులో అందరూ తడబడే ముఖ్యమైన తేడా చెప్తా. పైన చెప్పిన ఈ అంకెల పద్ధతినే క్యూజీఐఎస్‌లో సీఆర్‌ఎస్ అంటారు. లేయర్ మీద రైట్ క్లిక్ చేసి సెట్ లేయర్ సీఆర్‌ఎస్ అని ఇస్తే క్యూజీఐఎస్ లోపలి అంకెల్ని ముట్టుకోదు, "ఈ అంకెలు ఈ పద్ధతిలో ఉన్నాయి" అని చీటీ మాత్రం అంటిస్తుంది. రీప్రాజెక్ట్ లేయర్ టూల్ వాడినా, ఎక్స్‌పోర్ట్‌లో వేరే సీఆర్‌ఎస్ ఎంచుకుని సేవ్ చేసినా అంకెలే మారతాయి. డాట్ పీఆర్‌జే లేని ఫైల్ వచ్చిందనుకోండి, లోపల యూటీఎం మీటర్లున్నాయి, మీకు కావాల్సింది 4326. ముందు సెట్ చేసి 32643 అని నిజం చెప్పాలి, అది బేస్‌మ్యాప్ మీద సరిగ్గా కూర్చుందని చూసుకోవాలి, ఆ తర్వాతే 4326కి రీప్రాజెక్ట్ చెయ్యాలి. తొందరపడి మొదటే సెట్‌లో 4326 పెట్టేస్తే ఏడు లక్షల డిగ్రీల రేఖాంశం అన్నట్టు అయిపోతుంది, స్క్రీన్ తెల్లగా ఉంటుంది, ఇక ఆ ఫైల్‌ని ఎన్నిసార్లు రీప్రాజెక్ట్ చేసినా బాగుపడదు.

ఏరియా, సాంద్రత లెక్కలకి మీటర్లలో ఉండే యూటీఎం వాడటం మంచిది, బెంగళూరుకి 43, చెన్నైకి 44. ఈ రెండు జోన్ల మధ్య గీత 78 డిగ్రీల రేఖాంశం, అది మాలూరుకీ కోలారుకీ మధ్య నుంచి పోతుంది. కాబట్టి బెంగళూరు ఫైల్‌కి వాడిన 43ని అలవాటుగా కుప్పం, చిత్తూరు, హైదరాబాద్ ఫైళ్లకి పెట్టకండి, అవన్నీ 44 కిందకొస్తాయి.

బొమ్మని శుభ్రం చెయ్యడం

కేఎంఎల్ నుంచి వచ్చిన ఫైల్ అయితే మూడు చూడాలి. ఒకటి, తెరిచేటప్పుడు ఏ సబ్‌లేయర్ కావాలని అడుగుతుంది, పాలిగన్లున్నదే ఎంచుకోండి, పాయింట్లది ఎవరో పేర్లు రాసుకోడానికి పెట్టుకున్నది. రెండు, అందులో ఎత్తు కోసం జెడ్ విలువలుంటాయి, అన్నీ సున్నాలే, కానీ కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని చూసి మొరాయిస్తాయి, డ్రాప్ ఎం ఆర్ జెడ్ వాల్యూస్ టూల్‌తో తీసెయ్యండి. మూడు, వార్డు నంబర్ విడి కాలమ్‌లో లేకుండా డిస్క్రిప్షన్ అనే ఒక పెద్ద కాలమ్‌లో హెచ్‌టీఎంఎల్ టేబుల్ రూపంలో ఇరుక్కుని ఉండొచ్చు. ఫీల్డ్ క్యాలిక్యులేటర్‌లో రెజెక్స్‌ప్ సబ్‌స్ట్రింగ్ ఫంక్షన్‌తో అంకెని బయటికి లాగొచ్చు, ఆ రెజెక్స్ (అక్షరాల నమూనాని వెతికే రాత) మీకు రాకపోతే బాధపడొద్దు, 198 వరసలే కదా, ఎక్సెల్‌లో పెట్టి కూర్చుని చేత్తో రాసినా ఒక సాయంత్రం పని. చేత్తో చెయ్యడం నామోషీ ఏం కాదు.

తర్వాత ఫిక్స్ జామెట్రీస్ టూల్ ఒకసారి నడిపించండి, తనని తానే అడ్డంగా కోసుకున్న గీతలు లాంటివి సరిచేస్తుంది. ఇది చెయ్యకుండా ముందుకెళ్తే తర్వాత డిజాల్వ్ దగ్గరో ఇంటర్‌సెక్షన్ దగ్గరో ఇన్‌వాలిడ్ జామెట్రీ అని ఆగిపోతుంది.

ఇక వరసల లెక్క. 198 ఉండాల్సిన చోట 201 ఉన్నాయంటే ఏదో ఒకటి రెండు వార్డులు ముక్కలుగా ఉన్నాయన్నమాట. ఇలాగే జాయిన్ చేస్తే ఆ వార్డు జనాభా ప్రతి ముక్కకీ పూర్తిగా వచ్చి కూర్చుంటుంది, మొత్తం పెరిగిపోతుంది. వార్డు నంబర్ మీద డిజాల్వ్ చేస్తే ముక్కలన్నీ కలిసి ఒక వరస అవుతాయి. 198 కంటే తక్కువ ఉంటే మాత్రం ఫైల్ మార్చండి, లోపించిన వార్డుని మనం కల్పించలేం.

ఎక్సెల్‌ని తయారుచెయ్యడం

పీసీఏ ఎక్సెల్‌లో రాష్ట్రం మొత్తం, జిల్లా, పట్టణం, వార్డు అన్నీ ఒకే షీట్‌లో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. లెవెల్ కాలమ్‌లో వార్డు అని ఉన్నవి ఫిల్టర్ చేసి, అందులో బీబీఎంపీవి మాత్రం కొత్త షీట్‌లోకి కాపీ చేసుకోండి. టీఆర్‌యూ అని ఇంకో కాలమ్ ఉంటుంది, మొత్తం, గ్రామీణ, పట్టణ అని, పై స్థాయిల్లో ఒకే జిల్లాకి మూడు వరసలు రావడం దానివల్లే. జనాభా ఉండే కాలమ్ టీఓటీ అండర్‌స్కోర్ పీ, ఇళ్లు నో అండర్‌స్కోర్ హెచ్‌హెచ్. మీకు కావాల్సిన నాలుగైదు కాలమ్స్ ఉంచుకుని మిగతావి తీసెయ్యండి.

పేరుతో జాయిన్ చేద్దామన్న ఆలోచన ఇక్కడే వదిలేసుకోవచ్చు, ఎందుకంటే సెన్సస్ షీట్‌లో వార్డుకి ఊరి పేరు, పక్కన వార్డ్ నంబర్ అని ఉంటుంది తప్ప బెళ్లందూరు, కోరమంగళ అని ఉండదు. ఉన్నా ఇంగ్లీష్ స్పెల్లింగులు ఒక్కో ఫైల్‌లో ఒక్కోలా ఉంటాయి. నంబరే దిక్కు.

ఆ నంబర్‌లోనూ ఒక తిరకాసు ఉంది. సెన్సస్‌లో వార్డు కోడ్ నాలుగంకెలది, ముందు సున్నాలతో, 0001 నుంచి 0198 దాకా. ఎక్సెల్‌లో ఆ ఫైల్‌ని సీఎస్‌వీగా మార్చి మళ్లీ తెరిస్తే ఆ సున్నాల్ని మింగేస్తుంది. హద్దుల ఫైల్‌లో 1, 2, 3 అనో, ఇంకా ఘోరంగా 1.0, 2.0 అనో ఉంటుంది. ఒక పక్క టెక్స్ట్, ఇంకో పక్క నంబర్ ఉంటే క్యూజీఐఎస్ జాయిన్ ఒక్కోసారి అన్నీ నల్ (ఖాళీ) అని చూపిస్తుంది, మనం బుర్ర గోక్కుంటాం.

ఒక్క నగరమే చేస్తుంటే రెండు పక్కలా టూ ఇంట్ ఫంక్షన్‌తో మామూలు అంకెగా మార్చేసుకోండి, సున్నాల గొడవే ఉండదు. రెండు మూడు నగరాలు కలిపి చేస్తుంటే మాత్రం అలా కుదరదు, బెంగళూరుకీ 1వ వార్డుంది, మైసూరుకీ ఉంది. అప్పుడు జిల్లా కోడ్, పట్టణం కోడ్, వార్డు కోడ్ మూడూ టెక్స్ట్‌గా వరసగా అతికించి ఒక పొడుగాటి కీ కాలమ్ చేసుకోవాలి, వార్డు కోడ్‌కి ఎల్‌ప్యాడ్ ఫంక్షన్‌తో నాలుగంకెలు వచ్చేలా ముందు సున్నాలు నింపాలి. ఇంకో మాట, ఎల్‌జీడీ కోడ్ అని వేరే ఒకటుంది, కేంద్ర ప్రభుత్వం లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీది, అది సెన్సస్ కోడ్ కాదు. రెండూ అంకెలే కాబట్టి చూడగానే తేడా తెలియదు, ఫైల్‌లో ఏది ఉందో చూసుకోండి.

తయారైన షీట్‌ని సీఎస్‌వీగా సేవ్ చేసి క్యూజీఐఎస్‌లోకి తెచ్చేటప్పుడు లాగి పడెయ్యకుండా లేయర్ మెనూలో యాడ్ డిలిమిటెడ్ టెక్స్ట్ లేయర్ నుంచి తెండి, నో జామెట్రీ ఎంచుకోండి, ఏ కాలమ్ ఏ రకమో అక్కడే కనిపిస్తుంది.

జాయిన్, ఆ వెంటనే మొత్తం చూడటం

వార్డుల లేయర్ ప్రాపర్టీస్‌లో జాయిన్స్ ట్యాబ్‌కి వెళ్లి కింద ప్లస్ నొక్కండి. జాయిన్ లేయర్ మీ సీఎస్‌వీ, జాయిన్ ఫీల్డ్, టార్గెట్ ఫీల్డ్ రెండూ మీరు తయారుచేసిన కీ. అక్కడే కస్టమ్ ఫీల్డ్ నేమ్ ప్రిఫిక్స్ అని ఒక టిక్ ఉంటుంది, దాన్ని పెట్టి పక్కన ఉన్న పేరు చెరిపేసి ఖాళీగా వదిలెయ్యండి. ఎందుకంటే మామూలుగా క్యూజీఐఎస్ ప్రతి కాలమ్ పేరు ముందూ మీ సీఎస్‌వీ ఫైల్ పేరు తగిలిస్తుంది, షేప్‌ఫైల్‌లో కాలమ్ పేరుకి పది అక్షరాలే చోటు, సేవ్ చేసేసరికి ఆ పదీ ఫైల్ పేరుకే సరిపోయి జనాభా ఏదో ఇళ్లు ఏవో తెలియని ఒకేలాంటి పేర్లు మిగులుతాయి.

ఈ జాయిన్ ఆ ప్రాజెక్ట్‌లో మాత్రమే ఉంటుంది, ఫైల్‌లోకి ఎక్కదు. లేయర్ మీద రైట్ క్లిక్, ఎక్స్‌పోర్ట్, సేవ్ ఫీచర్స్ యాజ్, జియోప్యాకేజ్ అని సేవ్ చేస్తేనే శాశ్వతం.

ఇప్పుడు రంగులు వెయ్యకముందే బేసిక్ స్టాటిస్టిక్స్ టూల్‌తో జనాభా కాలమ్ మొత్తం చూడండి. బీబీఎంపీకి 84,43,675 రావాలి. సరిగ్గా అంతే, సుమారుగా కాదు. 96,21,551 వస్తే మీరు తీసుకున్నది బెంగళూరు జిల్లా మొత్తం, ఆనేకల్ వైపు ఊళ్లూ పట్టణాలూ కూడా కలిశాయి. 84 లక్షల నుంచి కొన్ని వేలు పెరిగితే ముక్కల వార్డు ఇంకా ఉంది, తగ్గితే ఏదో వార్డు జాయిన్ అవ్వలేదు, నల్ ఉన్న వరసలు చూడండి. పాత చెన్నై చేస్తుంటే 46,46,732.

మొత్తం సరిపోయినంత మాత్రాన అంకె దాని చోటే ఉందని కాదు, నంబర్లు అటూ ఇటూ మారినా మొత్తం అదే వస్తుంది. అందుకే మీకు తెలిసిన నాలుగైదు వార్డులు తీసుకుని నంబర్, పేరు, చోటు మూడూ కలుస్తున్నాయా చూడండి. 198 వార్డుల పద్ధతిలో 1 కెంపేగౌడ వార్డు, యలహంక వైపు ఉత్తరాన. 150 బెళ్లందూరు. 174 హెచ్‌ఎస్‌ఆర్ లేఔట్. 198 హెమ్మిగెపుర, నైరుతి మూల. ఇవి కలిస్తే మిగతావీ కలుస్తాయి.

కన్నడ పేర్లు పిచ్చిగా కనిపిస్తే

డీబీఎఫ్‌లో ఉన్న కన్నడ పేర్లు ప్రశ్నార్థకాలుగానో చెత్త అక్షరాలుగానో వస్తే లేయర్ ప్రాపర్టీస్‌లో సోర్స్ ట్యాబ్‌కి వెళ్లి ఎన్‌కోడింగ్‌ని యూటీఎఫ్ 8కి మార్చి చూడండి, చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. మార్చినా ఇంగ్లీష్ అక్షరాలూ విరామ చిహ్నాలూ కలిసిన గజిబిజే ఉంటే అది నుడి లాంటి పాత ఫాంట్‌లో కొట్టింది, మన దగ్గర అనూ ఫాంట్ ఫైళ్ల బాధ లాంటిదే. దానికి ఎన్‌కోడింగ్ మార్చి లాభం లేదు, నుడి నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో పేర్ల కాలమ్ వేసి తెచ్చుకోవాలి.

బరువు తగ్గించడం

వార్డు గీతలు ఒక్కోసారి రోడ్డు మలుపు మలుపుకీ పాయింట్లతో ఉంటాయి, వెబ్ పేజీలో పెడితే ఫోన్ వేడెక్కిపోతుంది. క్యూజీఐఎస్‌లో సింప్లిఫై టూల్ ఉంది కానీ దీనికి అది వాడొద్దు. అది ఒక్కో పాలిగన్‌ని విడివిడిగా చెక్కుతుంది, పక్కపక్క వార్డుల మధ్య ఉమ్మడి గీత రెండు రకాలుగా తెగి మధ్యలో సన్నటి సందులు పడతాయి. మ్యాప్‌షేపర్ ఉమ్మడి గీతని ఒకే గీతగా చూసి తగ్గిస్తుంది, సందులు రావు. సైట్ తెరిచి షేప్‌ఫైల్ అయితే జిప్ మొత్తం లాగి వదలండి, ఫైల్ మీ బ్రౌజర్‌లోనే ఉంటుంది, ఎక్కడికీ అప్‌లోడ్ అవ్వదు. పైన సింప్లిఫై నొక్కి ప్రివెంట్ షేప్ రిమూవల్ టిక్ పెట్టి స్లైడర్‌ని మెల్లగా జరపండి. పాదరాయనపుర లాంటి పాత ఊరి లోపలి చిన్న వార్డులు ఆకారం పోగొట్టుకోవడం మొదలైతే అక్కడే ఆగండి, ఎందుకంటే బయటి పెద్ద వార్డుల్లో తేడా తెలిసేసరికి లోపలివి త్రికోణాలైపోతాయి.

సాంద్రత లెక్క ఉంటే ఏరియా ముందే, అసలు గీతల మీద తీసి కాలమ్‌లో పెట్టుకోండి. చెక్కిన తర్వాత తీయకండి.

ఎవరికి ఏ ఫార్మాట్

మీ దగ్గర ఉంచుకునే అసలు కాపీ జియోప్యాకేజ్. ఒకే ఫైల్, కాలమ్ పేర్లకి పది అక్షరాల గోల లేదు, తెలుగు, కన్నడ ఇబ్బంది లేదు. ప్రభుత్వ ఆఫీసులకీ కాలేజీలకీ ఇంకా షేప్‌ఫైలే అడుగుతారు, ఇవ్వండి, కాకపోతే కాలమ్ పేర్లు ముందే పొట్టిగా పెట్టి ఎన్‌కోడింగ్ యూటీఎఫ్ 8 ఎంచుకోండి.

వెబ్‌కి జియోజేసన్. దాని ప్రమాణం ప్రకారం 4326 డిగ్రీల్లోనే ఉండాలి, యూటీఎంలో సేవ్ చేసి ఇస్తే వెబ్ మ్యాపులు చూపించే లీఫ్‌లెట్ లాంటివాటిలో ఏమీ కనిపించదు. సేవ్ చేసేటప్పుడు కోఆర్డినేట్ ప్రెసిషన్ 15 అని ఉంటే దాన్ని 6 చెయ్యండి. దశాంశం తర్వాత ఆరో అంకె అంటే భూమ్మీద సుమారు పదకొండు సెంటీమీటర్లు, వార్డు గీతకి ఇదే ఎక్కువ, 5 పెట్టినా మీటర్ తేడా. ఈ ఒక్క మార్పుతో ఫైల్ బాగా తగ్గుతుంది. పవర్ బీఐ షేప్ మ్యాప్‌కి అయితే టోపోజేసన్ ఇవ్వొచ్చు, అది మ్యాప్‌షేపర్ ఎక్స్‌పోర్ట్‌లోనే ఉంది. గూగుల్ ఎర్త్‌లో చూపించాలంటే కేఎంఎల్, సేవ్ చేసేటప్పుడు నేమ్ ఫీల్డ్ దగ్గర వార్డు పేరు కాలమ్ ఇవ్వకపోతే పేర్లు కనిపించవు.

దేశం మొత్తం మ్యాప్ వేసేవాళ్లు మాత్రం బయటి సరిహద్దు సర్వే ఆఫ్ ఇండియాదే వాడండి, విదేశీ ఫ్రీ ఫైళ్లలో కశ్మీర్ గీత వేరేగా ఉంటుంది, అది ప్రచురిస్తే 1961 చట్టం ప్రకారం నేరం.

కొత్త వార్డులకి పాత జనాభా కావాలంటే

పక్కన పెట్టమన్న 225, 243 ఫైళ్లూ ఐదు కార్పొరేషన్ల ఫైళ్లూ ఇప్పుడు తీయండి. 2011 జనాభాని వాటిలోకి పంచడం కుదురుతుంది, కానీ అది అంచనా మాత్రమే. రెండు లేయర్లూ యూటీఎం 43లో పెట్టుకుని, పాత వార్డులకి ఏరియా కాలమ్ ఒకటి తీసి, ఇంటర్‌సెక్షన్ టూల్ నడిపిస్తే పాత, కొత్త గీతలు రెండూ కోసుకుని చిన్న ముక్కలొస్తాయి. ప్రతి ముక్క ఏరియాని దాని పాత వార్డు ఏరియాతో భాగించి, ఆ వార్డు జనాభాతో గుణించండి. తర్వాత అగ్రిగేట్ టూల్‌తో కొత్త వార్డు నంబర్ మీద కలిపెయ్యండి, మొత్తం మళ్లీ 84,43,675 దగ్గరికి రావాలి. తగ్గిందంటే కొత్త ఫైల్ పాత హద్దుని పూర్తిగా కప్పట్లేదు.

ఈ పద్ధతి జనం వార్డంతా సమానంగా పరుచుకుని ఉన్నారనుకుంటుంది. బెళ్లందూరు చెరువు నీళ్ల మీద కూడా జనం కాపురం ఉన్నట్టు లెక్కేస్తుంది, పాత ఎయిర్‌పోర్ట్ రన్‌వే మీదా అంతే. నగరం మధ్యలో వార్డులకి పెద్దగా తేడా రాదు, మహదేవపుర, బెళ్లందూరు వైపు బాగా వస్తుంది. కుదిరితే చెరువులు, డిఫెన్స్ భూములు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి తెచ్చి డిఫరెన్స్ టూల్‌తో పాత వార్డుల్లోంచి కోసేసి, మిగిలిన ఏరియాతోనే పంచండి. అలా చేసిన మ్యాప్ కింద "2011 సెన్సస్ నుంచి ఏరియా ప్రకారం అంచనా" అని రాయండి, ఉత్త "జనాభా" అని రాయొద్దు, చూసేవాడు 2011 నాటి బెళ్లందూరుని ఇవాళ్టి బెళ్లందూరు అనుకుంటాడు.